వేగ రికార్డు బండిని తయారుచేయడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, అమెరికాలోని ఉటా రాష్ట్రంలో బోనవిల్ ఉప్పు మైదానం మీద ఒక మోటారుసైకిల్ గంటకు 605 కిలోమీటర్ల సగటు వేగంతో ప్రపంచ రికార్డు సాధించిన సంగతిని నాలుగు వాక్యాల్లో ప్రస్తావించాను. ఆ నాలుగు వాక్యాలకు గుణుపురం, బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం నుంచి ఉత్తరాలు వచ్చాయి. చాలావాటిలో కుతూహలంతో పాటు, మనమూ ఏదైనా చేయలేమా అన్న తపన కనిపించింది. అందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేము ఐదుగురు మిత్రులం, ఇంజనీరింగ్ చదువుతున్నాము. మా దగ్గర పాత స్ప్లెండర్ ఒకటి ఉంది. దానిని వేగ రికార్డు బండిగా మార్చాలని మా కోరిక. బోరు పెంచి పెద్ద పిస్టన్ వేయించడంతో పని మొదలుపెట్టమని తెలిసిన మెకానిక్ ఒకరు సలహా ఇచ్చారు. ఆ దారి సరైనదేనా? (పాఠకుడు, గుణుపురం)

జవాబు: బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, పెంచడం తప్పు పని కాదు గానీ, రికార్డు బండి విషయంలో అది చివర ఆలోచించవలసిన పని. మొదట చేతిలోకి తీసుకోవలసింది పానా కాదు, నిబంధనల పుస్తకం. బోనవిల్‌లో ఏటా ఆగస్టులో స్పీడ్ వీక్ నిర్వహించే సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ గానీ, అంతర్జాతీయ రికార్డులను గుర్తించే ప్రపంచ మోటారుసైకిల్ సమాఖ్య ఎఫ్‌ఐఎం గానీ బండ్లన్నిటినీ ఒకే గాటన కట్టవు. కాలిఫోర్నియా సంస్థ నిబంధనల్లో ఇంజన్ పరిమాణాన్ని బట్టి 50 సీసీ నుంచి 3000 సీసీ వరకు తరగతులు ఉన్నాయి. ఫ్రేము కంపెనీదా, సొంతంగా కట్టుకున్నదా, ముందు ఫెయిరింగ్, అంటే గాలిని చీల్చే తొడుగు, ఉందా లేదా, ఇంధనం మామూలు పెట్రోలా, ఇంకొకటా అన్న విషయాలను బట్టి ఆ తరగతులు మళ్ళీ విడిపోతాయి. అంటే 100 సీసీ బండి మీద రికార్డు కోసం శ్రమించేవారు 1000 సీసీ బండితో తలపడవలసిన అవసరమే లేదు.

ఇప్పుడు మీ ఇంజన్ లెక్క చూద్దాం. స్ప్లెండర్ బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 49.5 మిల్లీమీటర్లు కాబట్టి దాని పరిమాణం 97.2 సీసీ అవుతుంది. 0.50 ఓవర్‌సైజు పిస్టన్, అంటే అర మిల్లీమీటరు పెద్దది, వేయిస్తే అది 99.15 సీసీకి చేరుతుంది. 0.75 పిస్టన్ వేయిస్తే 100.13 సీసీ అవుతుంది. ఆ కాస్త తేడాతో మీ బండి 100 సీసీ హద్దు దాటి 125 సీసీ బండ్ల వరుసలో నిలబడవలసి వస్తుంది. ఏ తరగతిలో దిగాలో తేల్చుకోకుండా ఇంజన్ విప్పితే ఇలాంటి నష్టం మీకు తెలియకుండానే జరిగిపోతుంది.

ఇక అసలు ప్రత్యర్థి గాలి. వేగం రెట్టింపయితే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది, దానిని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి మాత్రం ఎనిమిది రెట్లవుతుంది. సుమారు 8 హార్స్‌పవర్ ఉన్న మీ బండి సమతలమైన రోడ్డు మీద గంటకు 90 కిలోమీటర్ల దరిదాపుల్లో ఆగిపోతుందని అనుకుందాం. ఆకారం మార్చకుండా అదే బండిని 180 చేరుకోమంటే 64 హార్స్‌పవర్ కావాలి, అది 100 సీసీ ఇంజన్‌తో అయ్యే పని కాదు. బోరు, కార్బురేటరు, సైలెన్సరు అన్నీ మార్చి ఎంతో కష్టపడి శక్తిని 20 శాతం పెంచారనుకోండి, వేగం 6 శాతమే పెరుగుతుంది, అంటే 90 నుంచి 96 లోపు. ఇంజన్ జోలికి పోకుండా గాలి నిరోధాన్ని సగానికి తగ్గించగలిగితే, చక్రాల రాపిడిని పక్కన పెట్టి చూసినప్పుడు, వేగం 113కు చేరుతుంది. నాలుగో వంతుకు తగ్గించగలిగితే 140 దాటుతుంది. ఇంజన్‌కు ఖర్చుపెట్టే డబ్బును, కాలాన్ని బండి ఆకారం మీద పెట్టమని నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఈ లెక్కే.

ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. 1965లో రుడాల్ఫ్ కుంజ్ అనే జర్మన్ రైడరు కేవలం 50 సీసీ క్రైడ్లర్ ఇంజన్ పెట్టి, నిలువెల్లా తొడుగు వేసిన సన్నని స్ట్రీమ్‌లైనర్ బండితో బోనవిల్‌లో గంటకు 210 కిలోమీటర్లు దాటారు. అది మీ స్ప్లెండర్ ఇంజన్‌లో దాదాపు సగం పరిమాణం. అంతకు ముందు 1948 సెప్టెంబరులో రోలీ ఫ్రీ అనే అమెరికన్ రైడరు విన్సెంట్ మోటారుసైకిల్ మీద గంటకు 147 మైళ్ళ దగ్గర ఆగిపోయినప్పుడు, గాలికి చిరిగి రెపరెపలాడుతున్న తోలు దుస్తులు తీసేసి, ఈత దుస్తులతో బండి మీద బోర్లా పడుకొని, కాళ్ళు వెనక్కి చాపి 150.313 మైళ్ళు, అంటే దాదాపు 242 కిలోమీటర్ల వేగం అందుకున్నారు. మనిషి ఒంటిమీది బట్ట సైతం వేగాన్ని ఎంతగా ఆపగలదో చూపడానికే ఈ సంగతి చెబుతున్నాను. పూర్తి తోలు దుస్తులు లేనిదే ఈ రోజు ఎవరినీ బరిలోకి రానివ్వరు, అలాగే ఉండాలి కూడా.

మీరు ఈ వారమే చేయగల పని ఒకటి చెబుతాను. బండిని స్టాండు మీద నిటారుగా నిలబెట్టి, నడిపేవారిని ట్యాంకు మీదికి పూర్తిగా వంగి కూర్చోమనండి. చక్రం పక్కన మీటరు కర్ర ఒకటి నిలబెట్టండి. ఇరవై ముప్పై అడుగులు కాదు, ఇంకా చాలా దూరం వెనక్కి వెళ్ళి, జూమ్ చేసి, సరిగ్గా ఎదురు నుంచి ఫోటో తీయండి. దగ్గర నుంచి తీస్తే ముందు చక్రం ఉన్నదానికన్నా పెద్దదిగా కనబడి కొలత చెడుతుంది. ఆ ఫోటోను గళ్ళ కాగితం మీద అచ్చువేసి, బండీ మనిషీ కలిసి ఎన్ని గళ్ళు ఆక్రమించారో లెక్కపెడితే, కర్ర కొలత ఆధారంగా ముఖ వైశాల్యం, అంటే ఎదురుగాలికి అడ్డుపడే వైశాల్యం, తెలిసిపోతుంది. తర్వాత అద్దాలు, ఇండికేటర్లు, లెగ్ గార్డు తీసేసి, హ్యాండిల్ కిందికి దించి, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపి మళ్ళీ తీయండి. మోచేతులు, మోకాళ్ళు ఎంత చోటు ఆక్రమిస్తున్నాయో కళ్ళారా చూస్తారు. ముఖ వైశాల్యం సగం కథే, గాలి వెనుక ఎలా కలుస్తుందన్నది మిగతా సగం. సీటు వెనుక పొడవుగా సన్నబడుతూ పోయే తోక అవసరమయ్యేది అందుకే. చాలామంది ముందువైపు నున్నగా చేసి వెనుకను వదిలేస్తారు.

ఫెయిరింగ్ కట్టేటప్పుడు ఒక ప్రమాదాన్ని తప్పక గుర్తుంచుకోండి. పక్కగాలి వీచినప్పుడు ఆ ఒత్తిడి అంతా కేంద్రీకరించే స్థానం బండి బరువు కేంద్రానికి వెనుక ఉండాలి. బాణానికి ఈకలు వెనుక కట్టేది ఇందుకే. ముందు పెద్ద రేకు బిగించి వెనుక ఖాళీగా వదిలితే, పక్కగాలి తగిలినప్పుడు బండి ముక్కు తిరిగిపోతుంది. ముందు చక్రం పైకి పూర్తి మూత వేయడం కూడా ఈ కారణంగానే అనుభవం లేనివారు చేయవలసిన పని కాదు.

గేర్ల లెక్కను చాలామంది ఆఖరున చూస్తారు గానీ అది తప్పితే మిగతా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. 2.75–18 టైరు చుట్టుకొలత సుమారు 1.86 మీటర్లు. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం నిమిషానికి దాదాపు 1,075 సార్లు తిరుగుతుంది. మీ ఇంజన్ 8,000 ఆర్‌పీఎం దగ్గర అత్యధిక శక్తి ఇస్తుందంటే, టాప్ గేర్‌లో ఇంజన్ నుంచి చక్రం దాకా మొత్తం నిష్పత్తి 7.44 ఉండాలి. నిష్పత్తి దీనికన్నా తగ్గిస్తే ఇంజన్ గాలిని నెట్టలేక 6,500 దగ్గరే కూలబడుతుంది. దీనికన్నా పెంచితే గింజుకొని అరుస్తుంది గానీ బండి ముందుకు పోదు. అందువల్ల వెనుక స్ప్రాకెట్లు, అంటే చైను పట్టే పళ్ళ చక్రాలు, ఒక్కో పన్ను తేడాతో నాలుగైదు సిద్ధంగా ఉంచుకోవాలి. మైదానంలో ఆ రోజు గాలి ఎటు వీస్తోందో చూసి వాటిలో ఒకటి బిగిస్తారు.

ప్రశ్న: బోనవిల్ ఫోటోలు చూస్తే మా హుమ్మా ఉప్పు మళ్ళు గుర్తొచ్చాయి. గంజాం జిల్లాలో ఇంత ఉప్పు ఉండగా ఇక్కడే వేగ పరీక్షలు జరపవచ్చు కదా? లేకపోతే గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున గట్టి ఇసుక మీద? (పాఠకుడు, బరంపురం)

జవాబు: ప్రశ్న చాలా సహజమైనది, మన నేలను చూసుకొని అడిగినది కూడా. అయితే హుమ్మా మళ్ళు మనిషి కట్టినవి. గట్లు వేసి, నీరు నిలబెట్టి, ఎండకు ఆవిరయ్యాక ఉప్పు గీకి తీసే చిన్న చిన్న మళ్ళు అవి. ఏ మడిలోనూ బండి పూర్తి వేగం అందుకునేంత నిడివి ఉండదు, ఉప్పు పొర కింద ఉన్నది బురద నేల. పైగా అది కూలీల బతుకుతెరువు, ఆ మళ్ళలో చక్రం దిగకూడదు.

బోనవిల్ అలా తయారు కాలేదు. అది ఒకప్పటి మహా సరస్సు ఎండిపోగా మిగిలిన ఉప్పు మైదానం. శీతకాలంలో దాని మీద లోతులేని నీరు నిలుస్తుంది, ఆ నీటిని గాలి అటూ ఇటూ నెడుతూ ఉప్పు ఉపరితలాన్ని సమం చేస్తుంది, వేసవిలో నీరు ఆవిరై గట్టి పొర మిగులుతుంది. ఏటా ప్రకృతే చదును చేసి ఇచ్చే రంగస్థలం అది. అలాంటి చోట కూడా ఉప్పు పొర దశాబ్దాలుగా పలచబడుతూ వస్తోంది. నేల బాగాలేక 2014లోనూ 2015లోనూ స్పీడ్ వీక్‌ను రద్దు చేశారు. దక్షిణ ఆస్ట్రేలియాలోని గైర్డ్‌నర్ సరస్సు ఈ క్రీడకు పేరుపొందిన మరో ఉప్పు మైదానం.

సముద్రపు ఒడ్డు విషయానికి వస్తే, చరిత్ర మీ ఆలోచనను సమర్థిస్తుంది. 1907లో గ్లెన్ కర్టిస్ ఫ్లోరిడాలోని ఆర్మండ్ బీచ్ మీద తాను తయారుచేసిన ఎనిమిది సిలిండర్ల మోటారుసైకిల్‌తో గంటకు 136 మైళ్ళు, అంటే దాదాపు 219 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయారు. తిరుగు పరుగులో బండి భాగం విరిగిపోవడంతో అది అధికారిక రికార్డుగా నమోదు కాలేదు. ఆ రోజుల్లో అంత నిడివైన చదునుదారి ఇంకెక్కడా దొరకక ఒడ్డు మీదికి వెళ్ళారు. ఇప్పుడు గంజాం తీరంలో అలా చేయడాన్ని నేను ఏ విధంగానూ ఒప్పుకోను. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల సంఖ్యలో వచ్చి గుడ్లు పెడతాయి. ఇసుకలో ఒక మూరెడు లోతున ఉండే ఆ గూళ్ళ మీద చక్రం నడిచిందంటే పైకి ఏమీ కనబడదు, లోపల మాత్రం నష్టం జరిగిపోతుంది. గోపాల్‌పూర్ ఒడ్డున మనుషులు తిరుగుతుంటారు, వలలు ఆరుతుంటాయి. అలలు కోసిన ఇసుకలో గుంతలు ఒక రోజు ఉన్నట్టు మరో రోజు ఉండవు.

మూసివేసిన విమానాశ్రయ రన్‌వేలు ఇతర దేశాల్లో ఈ పనికి బాగా ఉపయోగపడుతున్నాయి. ఇంగ్లండులోని ఎల్వింగ్టన్ అలాంటిదే. మన రంగైలుండ వంటి చిన్న ఎయిర్‌స్ట్రిప్‌ల మీద కన్నుపడటం సహజమే. అయితే ప్రభుత్వ అనుమతి, గుర్తింపు పొందిన మోటారు క్రీడల క్లబ్బు పర్యవేక్షణ, అంబులెన్సు, అగ్నిమాపక సిబ్బంది ఇవన్నీ కుదిరితేనే ఆ మాట ఎత్తాలి.

ప్రశ్న: మాకు లేతు షాపు ఉంది. ఇంజన్ గురించి అందరూ చెబుతారు గానీ, వేగం పెరిగినకొద్దీ ముందుగా చేతులెత్తేసే భాగం ఏది? (పాఠకుడు, రాయగడ)

జవాబు: టైరు. ఒకసారి మీ బండి దగ్గరికి వెళ్ళి టైరు పక్క గోడ మీద అచ్చయిన అంకెల చివర ఉన్న ఇంగ్లీషు అక్షరం చూడండి. పీ ఉంటే ఆ టైరు గంటకు 150 కిలోమీటర్ల వరకే తట్టుకోవడానికి తయారైందని అర్థం. ఎస్ అయితే 180, హెచ్ అయితే 210, వీ అయితే 240, డబ్ల్యూ అయితే 270. ఆ అక్షరం దాటిన వేగాన్ని ఒక్క క్షణం కూడా ప్రయత్నించకూడదు.

ఎందుకో లెక్క చూపిస్తాను, ఎందుకంటే ఈ లెక్క తెలిసినవారు ఇక ఎప్పుడూ టైరును తేలిగ్గా తీసుకోరు. సుమారు 30 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చక్రం గంటకు 200 కిలోమీటర్ల వేగంలో తిరుగుతున్నప్పుడు, దాని అంచున ఉన్న పదార్థాన్ని బయటికి లాగే బలం భూమ్యాకర్షణకు వెయ్యి రెట్లు దాటుతుంది. ట్రెడ్డు మీది ఒక గ్రాము రబ్బరు ఒక కిలో బరువుతో ఊడిపోవడానికి ప్రయత్నిస్తుంటుందన్నమాట. వేగం మూడింతలయితే ఆ బలం తొమ్మిదింతలవుతుంది. రికార్డు బండ్ల టైర్లకు రబ్బరు చాలా పలచగా, దాదాపు గాట్లు లేకుండా ఉండేది ఇందుకే. వాల్వు మూత కూడా ప్లాస్టిక్‌ది పనికిరాదు, లోహపుది ఉండాలని నిబంధన. తిరుగుతున్న చక్రంలో లోపలి వాల్వు పిన్ను కదిలి గాలి పోతే, ఆ చిన్న ఇత్తడి మూతే ఆఖరి అడ్డు.

తర్వాతది చైను. తెగిన చైను కాలిని తెగ్గొట్టగలదు, వెనుక చక్రాన్ని బిగబట్టగలదు. అందువల్ల గట్టి లోహపు గార్డు తప్పనిసరి. హ్యాండిల్ వణకకుండా స్టీరింగ్ డ్యాంపరు కావాలి. నడిపేవారి మణికట్టుకు కట్టిన తాడు ఊడగానే ఇంజన్ ఆగిపోయే స్విచ్చు ఉండాలి. ఆయిల్ డ్రెయిన్ బోల్టు వదులయి వెనుక చక్రం మీద నూనె పడితే ఏమవుతుందో మీకు చెప్పనవసరం లేదు. అందుకే బోల్టు తలకు సన్నని రంధ్రం చేసి, స్టీలు తీగ దూర్చి, బిగుసుకునే దిక్కులో లాగి పురిపెట్టి కడతారు. ఒకటిన్నర మిల్లీమీటరు బిట్టుతో, బిట్టు విరగకుండా, పక్క నుంచి పక్కకు ఆ రంధ్రం తొలచగల చేయి మీ లేతు షాపులో ఉంటే, రికార్డు బండి కట్టే ఏ బృందానికైనా మీ అవసరం ఉంటుంది.

ప్రశ్న: బర్ట్ మన్రో అనే న్యూజిలాండ్ ఆయన ఇంట్లోనే బండి తయారుచేసుకున్నారని విన్నాను. అది నిజమేనా? ఈ రంగంలో ఆడవాళ్ళు ఉన్నారా? మా అమ్మాయి తొమ్మిదో తరగతి, తనే ఈ ప్రశ్న రాయమంది. (పాఠకురాలు, పర్లాకిమిడి)

జవాబు: పూర్తిగా నిజమమ్మా. ఆయన ఊరు ఇన్వర్‌కార్గిల్. ఆయన దగ్గర ఉన్నది 1920 నాటి 600 సీసీ ఇండియన్ స్కౌట్ మోటారుసైకిల్. కొత్తగా ఉన్నప్పుడు అది గంటకు 55 మైళ్ళు, అంటే 88 కిలోమీటర్లు మాత్రమే పోయేది. ఈ రోజు మీ వీధిలో తిరిగే 100 సీసీ బండితో సమానం అనుకోండి. ఆయన దానిని దశాబ్దాల తరబడి సొంత చేతులతో మారుస్తూ వచ్చారు. పాత డబ్బాలను అచ్చులుగా వాడి పిస్టన్లు పోతపోసుకున్నారు. పాత ట్రాక్టరు యాక్సిలు ఉక్కును చెక్కి కనెక్టింగ్ రాడ్లు చేసుకున్నారు. ఇంజన్‌ను 950 సీసీ దాకా పెంచి, చుట్టూ చేప ఆకారంలో తొడుగు కట్టి, 1967లో, 68 ఏళ్ళ వయసులో, బోనవిల్‌లో 1000 సీసీ లోపు తరగతి రికార్డు నెలకొల్పారు. అప్పట్లో 183.586 మైళ్ళని నమోదైన ఆ వేగం లెక్కలో పొరపాటు ఉందని చాలా ఏళ్ళ తర్వాత ఆయన కుమారుడు గమనించగా, 2014లో దానిని 184.087 మైళ్ళుగా, అంటే 296 కిలోమీటర్లకు పైగా సవరించారు. ఆ బండిని నేటికీ ఇన్వర్‌కార్గిల్‌లోని ఒక హార్డ్‌వేర్ దుకాణంలో ప్రదర్శనకు ఉంచారు.

నా దృష్టిలో ఆయన గొప్పతనం పగిలిన భాగాలను దాచిపెట్టుకోవడంలో ఉంది. విరిగిన పిస్టన్లను, రాడ్లను పారేయకుండా షెల్ఫు మీద వరుసగా పేర్చి, వేగ దేవుడికి నైవేద్యాలని రాసిపెట్టుకున్నారు. ఏ భాగం ఎక్కడ విరిగిందో ఎదురుగా కనిపిస్తుంటే, తర్వాతి భాగాన్ని అక్కడ బలంగా చేయడం తెలుస్తుంది. చేతిపని చేసేవారికి దీనికన్నా మంచి పాఠ్యపుస్తకం ఉండదు.

ఆడవాళ్ళ విషయానికి వస్తే, మీ అమ్మాయికి చెప్పవలసిన పేర్లు చాలా ఉన్నాయి. లెస్లీ పోర్టర్‌ఫీల్డ్ 2007లో బోనవిల్‌లో పెద్ద ప్రమాదానికి గురై, మరుసటి ఏడాదే తిరిగి వచ్చి సుజుకి హయబుసా మీద గంటకు 230 మైళ్ళకు పైబడిన రికార్డు సాధించారు. వాలెరీ థాంప్సన్ 2018 మార్చిలో గైర్డ్‌నర్ సరస్సు మీద గంటకు 340 మైళ్ళు దాటిన వేగంలో స్ట్రీమ్‌లైనర్ అదుపు తప్పినా ప్రాణాలతో బయటపడ్డారు. ఆమె అదృష్టవంతురాలు అనడం సరికాదు. చుట్టూ కట్టిన గొట్టాల పంజరం, బెల్టులు, పారాచూట్ ఆమెను కాపాడాయి, అవి ఎవరో ముందే ఆలోచించి బిగించినవి. అదే సంవత్సరం 18 ఏళ్ళ కేలా రివాస్ మన దేశపు రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ట్విన్ మీద బోనవిల్‌లో గంటకు 157 మైళ్ళ వేగం అందుకున్నారు. మీ అమ్మాయికి లెక్కలు, భౌతికశాస్త్రం ఇష్టమైతే, నడపడమే కాదు, బండి ఆకారాన్ని రూపొందించే పని కూడా ఆమె కోసం ఎదురుచూస్తోందని చెప్పండి.

ప్రశ్న: కొరాపుట్ ఘాటీ ఎక్కితే మా బండి దమ్ము తగ్గి, ప్లగ్గు నల్లబడుతోంది. బోనవిల్ కూడా ఎత్తయిన ప్రదేశమే అంటున్నారు. మరి వేగం కోసం అంత ఎత్తుకు ఎందుకు పోతారు? (పాఠకుడు, జయపురం)

జవాబు: కొరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, బోనవిల్ దాదాపు 1,280 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. కార్బురేటరు మాత్రం పాత లెక్కలోనే పెట్రోలు ఇస్తూ ఉంటుంది కాబట్టి మిశ్రమంలో పెట్రోలు ఎక్కువై ప్లగ్గు నల్లబడుతుంది. ఎప్పుడూ కొండమీదే తిరిగే బండికి మెయిన్ జెట్టు, అంటే కార్బురేటరులో పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు ముక్క, ఒక సైజు తగ్గించుకోవచ్చు. మీరు దిగువకు కూడా వస్తుంటారు కాబట్టి, చిన్న జెట్టుతో కింద పూర్తి వేగంలో నడిపితే ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉందని మరువకండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కొత్త బండ్లకు ఈ ఇబ్బంది లేదు, అవి తమంతట తామే సర్దుకుంటాయి.

రెండో భాగం ఇంకా ఆసక్తికరమైనది. పలచని గాలి ఇంజన్ శక్తిని తగ్గించినట్టే, బండికి ఎదురయ్యే నిరోధాన్ని కూడా దాదాపు అదే నిష్పత్తిలో తగ్గిస్తుంది. అందువల్ల మామూలు ఇంజన్‌కు గరిష్ఠ వేగంలో లాభమూ లేదు, నష్టమూ లేదు. టర్బో ఉన్న ఇంజన్ మాత్రం గాలిని కుక్కుకొని తన శక్తిని నిలబెట్టుకుంటుంది కాబట్టి, నిరోధం తగ్గిన లాభం దానికి పూర్తిగా దక్కుతుంది. బోనవిల్‌కు పోయేది మాత్రం ఎత్తు కోసం కాదు, ఆ నిడివి కోసం.

ప్రశ్న: 605 కిలోమీటర్ల రికార్డు బండి ఎలాంటిది? అది ఇంకా నిలిచే ఉందా? (పాఠకుడు, రాయగడ)

జవాబు: దాని పేరు అక్ అటాక్. కాలిఫోర్నియాకు చెందిన మైక్ అకాటిఫ్ బృందం తయారుచేసింది. పొడవైన సన్నని తొడుగులో రెండు టర్బో హయబుసా ఇంజన్లు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. నడిపేవారు కూర్చోరు, వెనక్కి వాలి పడుకుంటారు. 2010 సెప్టెంబరు 25న రాకీ రాబిన్సన్ దానిని నడిపి 376.363 మైళ్ళ సగటు సాధించారు. ఆ వేగంలో మైలు దూరానికి పది సెకన్లు కూడా పట్టవు. అంతర్జాతీయ రికార్డుకు ఒక వైపు పరుగు చాలదు. రెండు గంటల లోపు ఎదురు దిక్కులో కూడా పరుగు తీసి, రెండింటి సగటు చూపాలి. గాలివాటం లాభం రద్దయ్యేది ఈ నియమం వల్లే. 2016లో ట్రయంఫ్ కంపెనీ తన రాకెట్ 3 మోటారుసైకిల్ ఇంజన్లు రెండింటితో, గై మార్టిన్ నడపగా ప్రయత్నించింది గానీ, బోనవిల్ పరీక్షల్లో 274 మైళ్ళ దగ్గరే ఆగవలసి వచ్చింది. ఉప్పు మీద చక్రం జారుతుంది, శక్తి ఎంత ఉన్నా నేలకు పట్టు దొరకాలి. అక్ అటాక్ రికార్డును ఆ ప్రయత్నం కదిలించలేకపోయింది.

ప్రశ్న: మా అబ్బాయి, అతని స్నేహితులు రాత్రిళ్ళు జాతీయ రహదారి మీద బండ్లు పరిగెత్తించి, ఫోన్‌లో వేగం చూపిస్తూ వీడియోలు తీస్తున్నారు. రికార్డు అంటున్నారు. ఎలా నచ్చజెప్పాలి? (పాఠకుడు, బరంపురం)

జవాబు: మీ ఆందోళన నాకు అర్థమైంది. ఈ ఉత్తరాన్ని నేను మిగతావాటికన్నా ఎక్కువసార్లు చదివాను. ముందు చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో వేగ పోటీలు, వేగ పరీక్షలు జరపడం నేరం, దానికి జైలు శిక్ష కూడా ఉంది. బండి నిర్మాణాన్ని ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా మార్చడాన్ని 52వ సెక్షను నిషేధిస్తుంది. అందుకే గుణుపురం మిత్రులు తమ స్ప్లెండర్‌ను మార్చాక దానిని రోడ్డు మీద నడపకుండా ట్రాలీ మీద తీసుకుపోవాలి.

అయితే చట్టం పేరు చెబితే ఆ వయసు పిల్లలు వినకపోవచ్చు. వారి మాటతోనే మొదలుపెట్టండి. ఫోన్‌లో కనిపించింది ఏ రికార్డూ కాదని, కొలిచిన దూరం, ధ్రువీకరించిన సమయ పరికరం, సాక్షులుగా అధికారులు, ఎదురు దిక్కులో పరుగు లేనిదే దానిని ఎక్కడా రాయరని చెప్పండి. గంటకు 120లో బండి సెకనుకు 33 మీటర్లు పోతుంది. చీకట్లో హెడ్‌లైటు వెలుగులో ఆవు కనబడి, మెదడు గ్రహించి, చేయి బ్రేకు మీద పడేసరికే ఆ 33 మీటర్లు అయిపోతాయి, బ్రేకు పనిచేయడం ఆ తర్వాత మొదలవుతుంది. ఈ లెక్కను అబ్బాయి చేతనే వేయించండి.

ఆసక్తిని తుంచవద్దు, దారి చూపండి. మన దేశంలో మోటారు క్రీడలను భారత మోటారు క్రీడల క్లబ్బుల సమాఖ్య, అంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ, పర్యవేక్షిస్తుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనూ, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలోనూ సర్క్యూట్లు ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో 2021లో ప్రారంభించిన నాట్రాక్స్ హైస్పీడ్ ట్రాక్ పొడవు 11.3 కిలోమీటర్లు, కంపెనీలు తమ వాహనాలను పరీక్షించేది అక్కడే. బరంపురం నుంచి చెన్నై రైలు ప్రయాణం కష్టమేమీ కాదు. ఒకసారి వెంట తీసుకువెళ్ళి పోటీ చూపించండి. బరిలోకి దిగే ముందు ప్రతి బండినీ, ప్రతి హెల్మెట్‌నూ అధికారులు ఎంత నిశితంగా తనిఖీ చేస్తారో ఆ వయసులో చూడటం చాలా మేలు చేస్తుంది.

ప్రశ్న: పరుగు అయ్యాక ఇంజన్ సరిగా పనిచేసిందో లేదో మెకానిక్‌లు ప్లగ్గు చూసి ఎలా చెబుతారు? (పాఠకుడు, గుణుపురం)

జవాబు: కొత్త ప్లగ్గు బిగించి, పూర్తి యాక్సిలరేటరుతో పరుగు ముగించి, వెంటనే క్లచ్ పట్టి ఇంజన్ ఆపేయాలి. తక్కువ వేగంలో నడుపుతూ తిరిగి వస్తే ప్లగ్గు మీద ఆ తక్కువ వేగపు మసి చేరి అసలు సంగతి మరుగునపడుతుంది. బండిని నెట్టుకుంటూ తెచ్చి, చల్లారాక ప్లగ్గు విప్పి, భూతద్దంతో లోపలి పింగాణీ అడుగు భాగాన్ని చూడాలి. లేత గోధుమ రంగు ఉంగరం కనబడితే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు. నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. పింగాణీ తెల్లగా సున్నం కొట్టినట్టు ఉండి, దానిమీద సన్నని అల్యూమినియం చుక్కలు మెరుస్తుంటే పిస్టన్ కరగడం మొదలైందని అర్థం. అప్పుడు ఇంకొక్క పరుగు కూడా తీయకుండా జెట్టు మార్చాలి, హెడ్డు విప్పి పిస్టన్ చూడాలి. విప్పిన ప్రతి ప్లగ్గుకూ ఒక చీటీ కట్టి, ఆ రోజు ఉష్ణోగ్రత, గాలి ఒత్తిడి, జెట్టు సైజు, స్ప్రాకెట్టు పళ్ళు రాసి డబ్బాలో ఉంచండి.